చిన్నమ్మ విన్న ఊరు

పోయిన ఆదివారం మా పక్కింట్లో కొత్తగా దిగిన దంపతులు తలుపు కొట్టారు. బ్యాంకు ఉద్యోగం మీద నెల్లూరు వైపు నుంచి వచ్చిన పిల్లలు. "ఆంటీ, కరీంనగర్లో చూడ్డానికి ఏమేం ఉన్నాయండీ?" అని అడిగింది ఆ అమ్మాయి. మానేరు డ్యాము చెప్పాను, ఎలగందుల కోట చెప్పాను, సాయంత్రం కాగానే రంగు దీపాలు వెలిగే కొత్త వంతెన చెప్పాను. మూడూ ఫోనులో రాసుకుని వెళ్ళిపోయింది. తలుపు వేసుకుని వచ్చి కూర్చున్నాక గాని నాకు తట్టలేదు, ఆ రోజుల్లో మా ఇంటికి వచ్చిన చుట్టాలకు మేము ఈ మూడింటిలో ఒక్కటీ చూపించలేదని. డ్యాము, వంతెన అప్పటికి లేవు. కోట ఉండేది గాని, బండి కట్టుకుని అంతదూరం పోయి కూలిన గోడలు చూసే ఓపిక ఎవరికుంది? చుట్టాలొస్తే మా బాపు వాళ్ళను పాటలు వినడానికి తీసుకుపోయేవాడు.

బాపు తహసీల్ కచేరీలో గుమాస్తా. పగలు ఒక కచేరీలో పనిచేసి సాయంత్రం ఇంకో కచేరీకి పోతాడని మా వాడలో నవ్వుకునేవారు. ఆయనకు పాట రాదు. తాళం మాత్రం వేసేవాడు, అదీ తన తొడ మీద కాదు, పక్కన కూర్చున్నవాడి తొడ మీద. హుస్నాబాద్ నుంచి ఎడ్లు కొనడానికి వచ్చిన మా దూరపు మామ ఒకాయన శనివారం భజనలో బాపు పక్కన కూర్చుని, మర్నాడు కుంటుకుంటూ అంగడికి పోయాడు. ఊరు కూడా అలాంటిదే. గుడిలో శనివారం భజన, దర్గాలో జుమ్మేరాత్ నాడు, అంటే గురువారం, ఖవ్వాలి, బస్టాండు దగ్గరి హోటల్లో పొద్దుగూకే వేళ గట్టిగా పెట్టే రేడియో, ఆదిలాబాద్ నుంచి వచ్చి స్థిరపడిన మరాఠీ పంతులు ఇంట్లో తంబూర, పాత మసీదు సందులో హార్మోనియం పెట్టెలు బాగుచేసే చాచా దుకాణం. చుట్టం ఏ వారం దిగితే దాన్నిబట్టి బాపు వాళ్ళను ఎక్కడికి తిప్పాలో లెక్కవేసుకునేవాడు. వాళ్ళకు ఇష్టమా కాదా అన్న ప్రశ్న ఆయనకు ఎన్నడూ పుట్టలేదు.

ఇష్టపడి తిరిగిన చుట్టం ఒక్కతే, మా చిన్నమ్మ. మా అవ్వకు, అంటే అమ్మకు, చెల్లెలు. మంథనిలో ఇచ్చారు. నాకు పదకొండో ఏట అవ్వ పోయింది. ఆ తర్వాత ప్రతి ఎండాకాలం చిన్నమ్మ వచ్చి నెలరోజులుండి, ఏడాదికి సరిపడా పచ్చళ్ళు పెట్టి, నా తలలో పేలు చూసి, నన్ను తిట్టవలసినవన్నీ తిట్టి పోయేది. ఆమెకు పిల్లలు లేరు. గొంతు సన్నది కాదు, కొంచెం బరువైనది, తడిసిన మట్టిలా చల్లగా ఉండేది. మంథనిలో ఆమె పాట లేకుండా పెండ్లిపీట మీద ఎవరూ కూర్చోలేదని చిన్నాయన గొప్పగా చెప్పుకునేవాడు. వాళ్ళమ్మ కట్టిన విసుర్రాయి పాట ఒకటి ఉండేది. అక్కచెల్లెళ్ళిద్దరూ రాయికి చెరోవైపు కూర్చుని, ఒక వరుస అవ్వ, ఒక వరుస చిన్నమ్మ పాడేవారు. అవ్వ పోయాక రెండు వరుసలూ చిన్నమ్మే పాడేది. అవ్వ వరుస వచ్చినప్పుడు గొంతు కొద్దిగా మార్చేది. నాకు నేర్పమంటే, "నీది మీ బాపు గొంతు, గిది నీతోని కాదే" అని నవ్వేది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నాలుగైదేళ్ళయి ఉంటుంది. నేను ఆడపిల్లల బడిలో పంతులమ్మగా చేరిన కొత్త. వానలు మొదలయిన వారానికి చిన్నాయన చిన్నమ్మను వెంటబెట్టుకుని పెద్దపల్లి మీదుగా బస్సులో వచ్చాడు. ఉగాది నుంచి గొంతు బొంగురుపోయి తగ్గడం లేదు. మిరియాల కషాయం అయింది, తమలపాకు రసం అయింది, తాయెత్తు అయింది. ఆసుపత్రిలో డాక్టరు అద్దం పెట్టి చూసి, ఆమెను లోపల బల్ల మీద కూర్చోబెట్టి, మమ్మల్ని వరండాలోకి పిలిచాడు. గొంతులో గడ్డ ఉందనీ, హైదరాబాద్ పెద్దాసుపత్రికి తీసుకుపోవాలనీ చెప్పాడు. "గడ్డతో పాటు మాటొచ్చే పెట్టె మొత్తం తీసేస్తరు. ప్రాణం నిలుస్తది. మాట మాత్రం ఇంక రాదు. మంచం ఖాళీ ఉన్నదని అక్కడినుంచి చిట్టీ రాంగనే పోవాలె," అన్నాడు. చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"దానికి చెప్తె రాదు అన్నా," అన్నాడు చిన్నాయన. "పాట లేని బతుకు నాకెందుకంటది. మొండిది. నాకు మనిషి గావాలె."

బాపు తలూపాడు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు గూడ నోరు మెదపకు బిడ్డా," అన్నాడు. నేను సరేనన్నాను. లోపలికి వెళ్ళాక, చిన్న గడ్డ ఉందట, తీసేస్తే మంచిగవుతుందట అని చిన్నమ్మకు చెప్పింది నేనే. పిల్లలకు పాఠం చెప్పే గొంతు గదా, నమ్మేలా చెప్పాను.

మర్నాడు చిన్నాయన నాట్లున్నాయని మంథని పోయాడు. చిట్టీ రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. మొదటి రోజే బాపు, "ఊర్లె ఏమన్న చూస్తవా మరదలా?" అని అడిగాడు. "చూసుడేముంది బావా, ఎక్కడ పాటుంటె అక్కడికి తీస్కపో. నాకెట్లాగు పాడొస్తలేదు, ఇననన్న ఇంట," అంది. బాపు వేరే సమయంలో అయితే ఆ మాటకు పొంగిపోయేవాడు. ఆ రోజు గొడుగు వెతికే నెపంతో లోపలికి పోయాడు.

అలా తిరిగాము. బడి విడిచాక నేను, కచేరీ అయ్యాక బాపు, మధ్యలో చిన్నమ్మ. ముగ్గురికి రెండు గొడుగులు. హోటల్లోకి ఆడవాళ్ళు పోకూడదు కాబట్టి ఎదురుగా దర్జీ దుకాణం చూరు కింద నిలబడి రేడియో విన్నాము. ఎవరో ఒకామె కచేరీ వస్తోంది. చిన్నమ్మ చెవి ఒగ్గి విని, "పాపం, గామెకు మంచినీళ్ళిచ్చెటోళ్ళు గూడ లేరు గావచ్చు, గొంతెండుకపోయింది," అంది. దర్జీ మిషను ఆపి నవ్వాడు. దర్గాలో ఆడవాళ్ళకు కట్టిన పరదా వెనక కూర్చున్నాము. ఉర్దూ మాటలు ఆమెకు సగం తెలియవు. అయినా పరదా అంచు పట్టుకుని చివరిదాకా కదలలేదు. బయటికి వచ్చాక, "గా రెండో ఆయన ఊపిరి యాడ తీస్తుండో దొరకనే లేదే," అని మాత్రం అంది. మరాఠీ పంతులు మమ్మల్ని లోపలికి పిలిచి చాప వేశాడు. నేర్చుకునే పిల్లలు పాఠం పాడుతుంటే చిన్నమ్మ తంబూర బుర్ర మీద అరచెయ్యి ఆనించి, ఆ వణుకు ఆగేదాకా తీయలేదు.

"గీ తీగెలు రోజు సరిజేస్తరా పంతులూ?" అని అడిగింది.

"రోజూ చూడాలె బాయీ. మనిషి గొంతు గూడ గంతే. ఒక్క దినం విడిచినా అది మనల్ని విడుస్తది," అన్నాడాయన, పాపం, ఏమీ తెలియక.

ఆ తొమ్మిది రోజుల్లో బాపు ఎవరి తొడ మీదా తాళం వేయలేదు. చిన్నమ్మ అది కూడా గమనించింది. "మీ బాపుకు ముసలితనం వచ్చిందే," అంది నాతో.

ఎనిమిదో రోజు చాచా దుకాణానికి పోయాము. చాచా బాపుకు పాత దోస్తు. ఇరుకు దుకాణం, గోడ నిండా విప్పిన పెట్టెలు, తోలు తిత్తులు, చిన్న ఆకురాయితో ఇత్తడి రీడును గీకుతూ చెవి దగ్గర పెట్టుకుని వినే ముసలాయన. చిన్నమ్మకు పీట వేశాడు.

"చెల్లె, నీ పాట సంగతి మీ బావ నాకు ఇరవయ్యేండ్ల సంది చెప్తుండు. గీ పెట్టె పొద్దుగాలనే తయారైంది. ఒక్కటి పాడు, సురు, గదే శ్రుతి, సరిగున్నదో లేదో చూస్కుంట."

"గొంతు బొంగురువోయింది అన్నా. గిట్ల పాడితె నీ పెట్టె పరువు పోతది," అంది చిన్నమ్మ. "హైదరాబాద్ పోయి మంచిగైనంక సీదా గీడికే వస్త. అప్పుడు మా అవ్వ కట్టిన పాట పాడుత. పూరాగ పాడుత."

"ఫికర్ చెయ్యకు. నువ్వచ్చేదాక గీ పెట్టె ఎవ్వలకియ్య," అన్నాడు చాచా.

బాపు సందులోకి చూస్తూ నిలబడ్డాడు. "ఇప్పుడే పాడు చిన్నమ్మా," అన్నాను. "ఎట్లున్నా సరే. బొంగురుగున్నా సరే."

ఆమె ఆశ్చర్యంగా చూసింది. "ఎందుకే గంత తొందర? నేనేడికి పోతున్న?"

చెప్పవలసిన క్షణం అదే. చెప్పడానికి రెండు మాటలు చాలు. నేను తలవంచుకుని గొడుగు మడత సరిచేశాను. చాచా పెట్టె మీద ఒక్క మెట్టు నొక్కి, తిత్తి మెల్లగా ఊపుతూ చాలాసేపు ఆ ఒక్క స్వరమే వినిపించాడు. చిన్నమ్మ కళ్ళు మూసుకుని పెదవులు కదిపింది. గొంతు కలపలేదు. మర్నాడు చిట్టీ వచ్చింది.

నెలన్నర తర్వాత హైదరాబాద్ నుంచి తిరిగి వస్తూ ఒక్కపూట మా ఇంట్లో దిగారు. చిన్నమ్మ మెడ కింద తెల్లటి గుడ్డ కట్టుకుంది. ఊపిరి ఆ గుడ్డలోంచే వస్తోంది. నన్ను దగ్గరికి తీసుకుని నోరు తెరిచింది. ఏమీ రాలేదు. మళ్ళీ తెరిచింది. ఎన్నాళ్ళకు వస్తుందని వేళ్ళు లెక్కపెట్టి అడిగింది. ఆసుపత్రిలో కూడా ఆమెకు ఎవరూ చెప్పలేదన్నమాట. చిన్నాయన గోడవైపు తిరిగాడు. చాచా కబురంపాడు, పెట్టె అట్లనే ఉంచిన అని. ఆ కబురు మేము ఆమెకు చెప్పలేదు.

ఆ దసరాకు నేను మంథని పోయాను. బతుకమ్మ చుట్టూ ఆడవాళ్ళు తిరుగుతూ ఒకచోట అలవాటుగా ఆగేవారు, పాట ఎత్తుకునే మనిషి కోసం. తర్వాత గుర్తొచ్చి, ఎవరో ఒకరు తడబడుతూ అందుకునేవారు. చిన్నమ్మ అరుగు మీద కూర్చుని పూలు అందించింది. అప్పటికి ఆమెకు అంతా అర్థమయింది. ఇంట్లో ఏది కావాలన్నా చెంబు మీద కొట్టేది. చిన్నాయన పొలం నుంచి రావడం ఆలస్యమైతే ఆ చెంబు వాడంతా వినిపించేదట. ఇంటివాళ్ళు మాట్లాడుకుంటుంటే ఆమె లేచి వంటింట్లోకి పోవడం నేను చూశాను.

మరుసటి ఎండాకాలం సెలవులకు పలకా బలపం తీసుకుని పోయాను. నలభై దాటిన ఆమెకు అక్షరాలు నేర్పడం మొదలుపెట్టాను. ఎడమవైపు గీయవలసింది కుడివైపు గీసి, తప్పు చూపిస్తే నన్నే కోపంగా చూసేది. ఓనమాలు రాసేటప్పుడు బలపం కిర్రుమంటే ముఖం చిట్లించేది. ఆ చెవి మాత్రం పోలేదు. ఎండలు తగ్గేనాటికి ఉప్పు, పప్పు, రా, పో రాయడం వచ్చింది. తర్వాత నా పేరు రాసింది. నేను తిరిగి వచ్చే రోజు పొద్దున, బస్సుకు టైమవుతుందనగా, పలక తెచ్చి ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు రాసి నాకు చూపించింది. అక్షరాలు వంకరగా ఉన్నా తప్పులు లేవు.

"నీకు ఎర్కేనా"

నాకు గొంతు ఉంది, మాట్లాడవచ్చు. అయినా పలక తీసుకుని కింద "ఎర్కే" అని రాశాను. ఆమె చదివింది. రెండోసారి కూడా చదివి, కొంగుతో తుడిచి, నా సంచిలో అటుకులు సర్ది, బస్టాండు దాకా వచ్చింది. బస్సు కదిలేదాకా నిలబడింది. చెయ్యి మాత్రం ఊపలేదు.

రెండేళ్ళు మా ఇంటికి రాలేదు. బాపు రమ్మని ఎన్ని కార్డులు రాసినా చిన్నాయనే వచ్చిపోయేవాడు. మూడో ఏడు నాకు ఆమె చేతిరాతతో ఒక కార్డు వచ్చింది. "చెప్తే నేను పోకపోదును. పోకపోతే సచ్చిపోదును. మీరు చెప్పకపోవుడే మంచిదాయె అని మీ చిన్నాయన అంటడు. గావచ్చు. కని ఒక్కసారి పాడుకొని పోదును గదా. పచ్చళ్ళకు వస్త. మిరపకాయలు కొని పెట్టు." అన్నట్టే వచ్చింది, పచ్చళ్ళు పెట్టింది, తిట్టవలసినవి పలక మీద రాసి తిట్టింది. పాట ఉన్నచోటికి మాత్రం తీసుకుపొమ్మని అడగలేదు. మేమూ అనలేదు. ఆమె ఉన్నన్ని రోజులు బాపు భజనకు పోవడం మానుకునేవాడు. ఇంకో మూడేళ్ళకు వానాకాలంలోనే పోయింది. అప్పటికే చాచా పోయాడు, ఆ దుకాణంలో సైకిలు ట్యూబులు అమ్మేవారు. చిన్నాయన ఆమె తర్వాత ఏడాది కూడా ఉండలేదు. బాపు మాత్రం చాలాకాలం బతికాడు. ఆ సంగతి మేమిద్దరం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

చెప్పి ఉంటే ఆమె ఏం చేసేదో నాకు ఇప్పటికీ తెలియదు. చిన్నాయన కోరుకున్న మనిషి ఆయనకు ఆరేళ్ళు దక్కింది, అది చిన్న విషయమని అనలేను. దర్జీ చూరు కింద, పరదా వెనక, తంబూర పక్కన కూర్చుని ఆమె ఊరంతా విన్న ఆ రోజుల్లో, రేపు తెల్లవారకుండా ఉంటే బాగుండునని నేను, చిట్టీ త్వరగా వస్తే బాగుండునని ఆమె అనుకున్నాము. అరవై ఏళ్ళు ఇట్టే గడిచిపోయాయి గాని, ఆ తొమ్మిది రోజులు మాత్రం నాకు ఇంకా పూర్తిగా గడవలేదు.