ఒడిబియ్యంతో హాస్టలుకు

ఇంట్లో నన్ను ఏ చీర కట్టుకుంటావని అడిగినవాళ్లు కూడా లేరు. అలాంటిది యూనివర్సిటీలో అడుగుపెట్టిన పూటే హాస్టలు వార్డెన్ నా మొహంలోకి చూసి, "ఎక్కడుంటావమ్మా, పాత హాస్టల్లోనా, కొత్త హాస్టల్లోనా?" అని అడిగింది. అలవాటు కొద్దీ పక్కనున్న బాపు వైపు చూశాను. ఆయనా బిత్తరపోయే ఉన్నాడు. కన్నతండ్రి తానుండగా పిల్లనడగడమేమిటని ఆయన ఆశ్చర్యం.

పటాన్‌చెరు చుట్టూ ఫ్యాక్టరీల కోసం పొలాలు కొలుస్తున్న రోజులవి. డెబ్భైలు అప్పుడే మొదలయ్యాయి. మాది కర్దనూరు, వ్యవసాయం. నన్ను ఎమ్మేకు పంపడం బాపుకు ఇష్టం లేదు, అలాగని కాదనలేదు. ఒక్క షరతు మాత్రం పెట్టాడు.

"హాస్టల్ల జాగ దొరికితే ఉండు. దొరకకుంటే సాయంత్రం బస్సుకు నాతోని వాపస్ రావాలె. చుట్టాల ఇండ్లల్ల ఉంచుడు నాతోని కాదు."

అంటే జాగ దొరకకపోతే నా చదువు ఆ సాయంత్రంతో సరి.

దీనికి తోడు బయల్దేరేముందు నాయనమ్మ ఒక పని చేసింది. ఆడపిల్ల ఇల్లు విడిచి వేరేచోట ఉండటానికి పోవడమంటే ఆమెకు తెలిసింది అత్తారింటికి పోవడమొక్కటే. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవికె గుడ్డ నా కొంగులో పోసి నడుముకు బిగించి ముడేసింది.

"పెండ్లి కాని పిల్లకు ఒడిబియ్యం పొయ్యరు అత్తమ్మా" అంది అమ్మ.

"అయితే ఒట్టి ఒడితోని పంపుతవా ఏంది? పండుకునే ఇంట్లకు పోయినంకనే ఇప్పాలె" అంది నాయనమ్మ.

బాపు కూడా వద్దని చెప్పి చూశాడు, తర్వాత ఊరుకున్నాడు. నాయనమ్మతో వాదించడం కంటే ఎడ్లతో వాదించడం నయమని ఆయనకు తెలుసు.

బస్సు నిండా దారిలో ఉన్న పెద్ద ఫ్యాక్టరీలో డ్యూటీకి పోయేవాళ్లు. కండక్టరు నా నడుము వైపు ఒకసారి చూసి, సీట్లో ఉన్నతన్ని లేపాడు. "జెర జాగియ్యి అన్నా. చెల్లె ఒట్టి మనిషి కాదు."

సిగ్గుతో చచ్చిపోయాను. అక్కడే ముడి విప్పి పారేయాలనిపించింది, కానీ అంతమంది మగవాళ్ల మధ్య ఎలా విప్పను? బాపు తనకేమీ వినపడనట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. సర్టిఫికెట్ల సంచీని కడుపుకు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. వార్డెన్ ముందు కూడా అలాగే నిలబడ్డాను.

రెండు హాస్టళ్లూ చూసి రమ్మని ఆమె మమ్మల్ని పంపింది. బాపు హాస్టలును కూడా పశువుల కొట్టం చూసినట్టే చూశాడు. నల్లా తిప్పాడు, గొళ్లెం లాగాడు, ప్రహరీ గోడ ఎంత ఎత్తుందో చేయెత్తి చూశాడు. పాత హాస్టలు ఆయనకు నచ్చింది. నాకది పట్టపగలే చీకటిగా ఉంది.

"గీడుండు. గోడ మంచిగున్నది" అన్నాడు.

కొత్త హాస్టల్లో మేడమీద ఒక గది చూపించారు. పెద్ద కిటికీ, బయట బండరాళ్లు, లైబ్రరీకి పోయే దారి. తలుపుకు లోపలి వైపు గడియ ఉంది. మా ఇంట్లో నేనెప్పుడూ ఒక తలుపు మూసి గడియ వేసుకుని ఎరగను. ఆ గడియను చూస్తూ అట్లాగే నిలబడిపోయాను. బాపు పిలిస్తే గానీ కదల్లేదు.

తిరిగి వచ్చి సర్టిఫికెట్లు తీసి ఇస్తుంటే సంచీ పక్కకు జరిగింది. వార్డెన్ చూపు నా నడుము మీద పడింది.

"అమ్మాయికి పెళ్లయిందా అండీ?" అని బాపును అడిగింది. "పెళ్లయినవాళ్లకి ఇక్కడ గది ఇవ్వరు. అందులోనూ ఈ స్థితిలో ఎలా తీసుకొచ్చారు?"

గబగబా ముడి విప్పాను. పసుపు బియ్యం బల్ల మీద, నేల మీద పడ్డాయి, ఒక కుడుక దొర్లుకుంటూ పోయి బల్ల కిందికి చేరింది. నిజం తేలిందనుకున్నాను. ఆమె మొహం ఇంకా గట్టిపడింది.

"ఒడిగట్టు బియ్యం కదూ ఇవి? మా వైపు కొత్తపెళ్లికూతురికి కడతారు" అంది కోస్తా మాటతీరులో. "తండ్రి కాబట్టి మీరే చెప్పండి. మీ మాట నమ్ముతాను. పెళ్లయిందా, లేదా?"

బాపు భుజం మీది తువ్వాల తీసి మళ్లీ వేసుకున్నాడు. అయిందని ఒక్క మాటంటే చాలు, ఆయన కోరుకున్నట్టే సాయంత్రం బస్సుకు నన్ను తీసుకుపోవచ్చు. తాను చదువు మాన్పించినట్టు కూడా ఉండదు. ఆ సంగతి ఆయనకూ తట్టిందని ఆ మొహం చూస్తేనే తెలిసింది. అరవాలనిపించింది.

"కాలేదమ్మా" అన్నాడు చివరికి. "మా అమ్మ పోసింది. వద్దంటే ఇనలే. ఇల్లిడిసి పోయే పిల్లకు పొయ్యొద్దా అన్నది."

వార్డెన్ ఆయన్ను, నేల మీది బియ్యాన్ని మార్చి మార్చి చూసింది. తర్వాత మెత్తబడి, "అయితే చెప్పమ్మా, ఎక్కడుంటావు?" అని మళ్లీ నన్నే అడిగింది.

ఈసారి బాపు వైపు చూడలేదు. "కొత్త హాస్టల్లో, మేడమీద" అన్నాను. ఆ గొంతు నాదేనా అని నేనే విస్తుపోయాను. బాపు కింద కూర్చుని బియ్యం నా కొంగులోకి ఎత్తసాగాడు.

సామాను గదిలో పెట్టాక, పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి భుజం మీది తువ్వాల తీసి నా ముందు పట్టాడు. మా వైపు ఒడిబియ్యం పోయించుకున్న ఆడబిడ్డ పోయే ముందు పిడికెడు బియ్యం పుట్టింటికి తిరిగి ఇచ్చి పోతుంది. పుట్టిల్లు చల్లగా ఉండాలని. పొద్దున ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

"ఇంటికి గిన్ని ఇయ్యి బిడ్డా" అన్నాడు.

నేను నిర్ఘాంతపోయాను. పొద్దున్నుంచీ హాస్టలు ఎంచుకుంటున్నాననే అనుకున్నాను గానీ, ఇల్లు విడుస్తున్నానని అప్పటిదాకా తట్టలేదు. పిడికిట్లోకి బియ్యం తీసుకున్నాను, వేళ్లు విప్పడం మాత్రం నా చేత కాలేదు. అవతల బస్సు వేళవుతున్నా, బాపు తువ్వాల పట్టుకుని అలాగే నిలబడ్డాడు.