రెండడుగుల తలుపు

నవ్వుతే నవ్వుండ్రి, నేనేం అనుకోను. మొన్న ఐతారం నాడు మా ఇంట్ల నేనే సుత్తె పట్టుకొని గోడ పలగ్గొట్టి, పాదాలు మునిగే నీళ్లల్ల నిలవడి చిన్నపోరని లెక్క ఏడ్చిన. యాభై ఏండ్లు దగ్గరవడ్డ మనిషిని! జడ్చర్లల సగం ఊరికి బోరు మోటర్లు బాగుచేసేటోన్ని! నా ఇంట్ల పైపు యాడుందో నాకే యాదికి లేదంటే ఏమనాలె?

మొదటికెళ్లి చెప్త, చాయ్ తాగుకుంట వినుండ్రి.

మాది పైన, కింద రెండు పోర్షన్ల ఇల్లు. మేము పైన ఉంటుంటిమి. కిందిది పాతగై పెచ్చులూడుతుంటే రెండేండ్ల కింద రిపేర్ పెట్టిన. మా ఇంటామె పద్మ అప్పుడే అన్నది, "మనమే కిందికి దిగుదామయ్యా. నాకు మెట్లెక్కుడు కష్టమైతాంది. పైది కిరాయికిద్దాం. వంటింటికి జర పెద్ద కిటికీ పెట్టించు."

"నీకేమన్న తెలుస్తదా? కంపెనీలల్ల పనిచేసేటోళ్లు కిందిదే అడుగుతరు. అది పెట్టుబడి, పెట్టుబడి!" అన్న. పెద్ద వ్యాపారం తెలిసినోని లెక్క!

ఆమె చాయ్ గిలాసలు తీస్కొని వంటింట్లకు పోయింది. కొట్లాడినా బాగుండు.

మేస్త్రి కిష్టయ్య మొదటి రోజే అడిగిండు. "అన్నా, మీరుంటరా, కిరాయికిస్తరా? అది ముందుగాల చెప్పు. ఉండేదైతే ఒక తీరు చేస్త, కిరాయికైతే ఇంకో తీరు."

"కిరాయికే."

"అయితే బేఫికర్, ఎట్ల చేసినా నడుస్తది," అన్నడు.

ఇగ చూస్కోండ్రి. పెద్ద అర్రకు నడుమ గోడ పెట్టి రెండు అర్రలు చేసినం. వంటింటికి కిటికీ బంద్, గాలికి చిన్న జాలీ ఒక్కటి. బాత్రూంకు రెండడుగుల ప్లాస్టిక్ తలుపు, కింద జానెడు గడప. కిష్టయ్యకే మనసొప్పలె. "అన్నా, జర లావు మనిషైతే అడ్డం తిరిగి పోవాల్సొస్తది," అన్నడు.

"పోనియ్యి, మనమా పొయ్యేది?" అన్న.

టైల్స్ జారుతయి అంటే, "మనమా నడిచేది?" అన్న. నల్లా పైపు బయటి గోడకెళ్లి తిప్పి తెస్తనంటే, "గంత దూరం ఎందుకు, తలుపు పక్క గోడలకెళ్లే తియ్యి," అన్న. అన్నది నేనే. మర్చిపోయింది కూడ నేనే.

నాలుగు నెలల కింద ఒక పొద్దుగాల పద్మ చాయ్ గిలాస పట్టుకొని నా దిక్కు వస్తున్నది. గిలాస కిందవడ్డది. ఎనుకనే ఆమె కిందవడ్డది. మహబూబ్‌నగర్ దవాఖానకు ఉరికిచ్చినం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినయి. మాట పోయింది. "బతికింది, సంతోషపడు," అన్నడు డాక్టర్. సంతోషపడ్డ. దవాఖాన మెట్ల మీద కూసోని, సంతోషపడుకుంటనే ఏడ్చిన.

చక్రాల కుర్చీల ఇంటికి తెచ్చిన. పైకెట్ల ఎక్కిస్తం? కిందున్న కిరాయోళ్లను బతిమిలాడి పైకి పంపి, మేము కిందికి దిగినం. ఆమె అడిగినట్టే.

మొదటి రోజే కుర్చీ బాత్రూం తలుపుల ఇరికింది. బెత్తెడు తక్కువ! ముందుకు పోదు, ఎనుకకు రాదు. ఆఖరికి ఆమెను ఎత్తుకొని అడ్డం తిరిగి లోపలికి పోదామని చూస్తే, ఆమె తల పోయి తలుపు చౌకట్‌కు తాకింది. అమ్మా అని కూడ అనలేకపాయె. నా మొహం దిక్కు చూసింది, గంతే.

మూడు నెలలు గట్లనే నడిచింది. ఎత్తుకునుడు, అడ్డం తిరుగుడు, గడప దాటుడు. ఆ టైల్స్ మీద ఇద్దరం రెండుసార్లు జారినం. వంట నేనే చేస్తున్న. జాలీకెళ్లి పొగ పోదు. కండ్లెంబడి నీళ్లొస్తే, "పోపు ఘాటుకే," అని ఆమెకు చెప్తున్న. నమ్మిందో లేదో, చెప్పెటందుకు ఆమెకు మాట లేదు.

మాట నేర్పే మేడమ్ ఒకామె వారానికి రెండుసార్లు వస్తది. "అమ్మా, నీళ్లు కావాలె అనుండ్రి," అంటది. పద్మ "నీ..." అని ఆగిపోతది. రెండు మాటలు కలిసి ఒక్కనాడు రాలె.

ఇగ ఐతారం పొద్దుగాల, మళ్ల గదే తలుపుకు ఆమె మోచెయ్యి గీసుకపోయి రక్తం వచ్చింది. కిష్టయ్యకు ఫోన్ చేస్తే, "స్లాబ్ పని మీదున్న, పదిరోజులాగు అన్నా," అన్నడు. నాకు పది నిమిషాలు ఆగబుద్ధి కాలె. సుత్తె, ఉలి తీసిన. చౌకట్ ఊడబీకి, పక్క గోడ కొట్టుడు మొదలుపెట్టిన. పద్మ కుర్చీల కూసోని చూస్తున్నది. వద్దు వద్దన్నట్టు ఎడమ చెయ్యి ఊపింది. పట్టించుకోలె. ఎన్నడు పట్టించుకున్న గనుక!

నాలుగు దెబ్బలు కొట్టిన. ఐదో దెబ్బకు... ఫట్!

పైన ట్యాంకు నిండుగున్నది. నీళ్లు నా మొహం మీదికి, ఆడికెళ్లి పద్మ ఒళ్లెకు! అరచెయ్యి అడ్డం పెడితే రెండు దిక్కుల కొడుతున్నది. లుంగీ విప్పి కుక్కిన. లుంగీ కూడ కొట్టుకొచ్చింది! చెడ్డీ మీదనే మిద్దెక్కి వాల్ తిప్పితే, జంగు పట్టి కదుల్తలేదు. పైన కిరాయోళ్లు, "ఏమైంది అంకుల్?" అనుకుంట పాన తెచ్చి దాని మీద పడ్డరు. నేను మళ్ల కిందికి ఉరికొచ్చిన, ఆమె ఒక్కతే ఉన్నదని.

నీళ్లల్ల కుర్చీ. కుర్చీల మా పద్మ, నిలువెల్ల తడిసి. ఎడమ చేత్తోని మొహం మీది నీళ్లు తుడుచుకుంటున్నది.

"తప్పైందే," అన్న. "అప్పుడే నీ మాట విని ఉంటే..." ఇగ నా నోరు కూడ పడిపోయింది. ఏడుపు ఆగలె.

ఆమె నన్ను కిందికెళ్లి మీదికి చూసింది. చెడ్డీ. నెత్తి మీద సిమెంటు పెళ్లలు. చేతుల సుత్తె. మూతి వంకరవోయింది, ఏడుస్తదేమో అనుకున్న.

"నీకు... అక్కల్... లేదయ్యా!" అన్నది.

నాకు బుద్ధి లేదని మూడు మాటలు! వరుసగ! నేను గా నీళ్లల్లనే ఆమె కాళ్లకాడ కూలవడ్డ. "ఇంకోసారి అను, నీ కాళ్లు మొక్కుత, ఇంకొక్కసారి," అన్న. అనలె. సగం మూతితోని నవ్వింది.

సోమారం మేడమ్ వస్తే చెప్పిన. ఆమె కండ్లు ఇంత చేసి, "ఏం ఎక్సర్‌సైజ్ చేయించిండ్రు సార్?" అన్నది.

"గోడ పలగ్గొట్టిన మేడమ్."

చెయ్యి, కాలు మునుపటి లెక్క రావని డాక్టర్ ఖుల్లా చెప్పిండు. మాట సంగతి మేడమ్ చెప్పింది. మంచిగున్నప్పుడు రాని మాట, కోపమొచ్చినప్పుడు ఒక్కోపారి గిట్ల దూకి వస్తదంట.

అంటే ఆమెకు మాట రావాలంటే నేను రోజుకొక తెలివితక్కువ పని చెయ్యాలె. గా దానికైతే ఏం ఫికర్ లేదు. ఇరవై ఐదేండ్ల అనుభవం ఉన్నది నాకు!