చెవి కింద మూడు గీతలు

తూనికలు కొలతల శాఖలో ముప్పై ఒక్క ఏళ్లు ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ డైరీ రాస్తున్నాను. ఏ సంతలో ఎన్ని కాటాలు చూశాను, ఎన్నిటికి ముద్ర వేశాను, ఎక్కడ భోంచేశాను, ఎవరు ఏమన్నారు, అంతే. రిటైరయ్యాక రాసుకోవడానికి తూకాలు లేకుండా పోయాయి. పాత రోమన్ నాణేలు కొనడం మొదలుపెట్టింది అందుకేనేమో. వాటిని తూచవచ్చు, కొలవవచ్చు, డైరీలో ఎక్కించుకోవచ్చు.

మొదటిది ఆన్‌లైన్లో కొన్నాను. వెండిది, బొమ్మ వైపు పూలదండ పెట్టుకున్న చక్రవర్తి తల. నెల్లూరులో గిల్టు నగలకు అచ్చులు చేసే భాయ్ ఒకాయన నాకు పాత స్నేహితుడు. సంబరంగా తీసుకెళ్లి చూపించాను. ఆయన దాన్ని వేలి కొసన నిలబెట్టి అంచు చుట్టూ గోటితో ఒకసారి గీరాడు.

"సార్, ఇది పుట్టి ఏడాది గూడా కాలేదు."

"రెండువేల ఏళ్లని రాసి ఉంది భాయ్."

"రాసేదానికేం సార్. నా గిల్టు గాజుల మీద ఇరవై రెండు క్యారెట్లని నేనూ రాస్తా. తమరు ముప్పై ఏళ్లు ఊళ్లో రాళ్లన్నీ తూచినారు, ఇంట్లోకి వచ్చిన రాయిని తూచలా."

ఆ పూట ఆయన చెప్పినవన్నీ డైరీలో నాలుగు పేజీలు అయ్యాయి. పాత నాణెం సుత్తి దెబ్బతో కొట్టింది, నకిలీది కరిగించి పోసింది. పోసినదానికి అంచున రెండు అచ్చులు కలిసిన చోట సన్నని గీత ఉంటుంది, దాన్ని ఆకురాయితో రాసి దాచుతారు. గాలి బుడగల వల్ల సూదిమొన బెజ్జాలు ఉంటాయి. అక్షరాలు అరిగిన సబ్బు మీద పేరులా మెత్తగా ఉంటాయి. వీటికి నేను కొన్ని చేర్చుకున్నాను. తూకం చెప్పనివాడి దగ్గర కొనకూడదు. అంచు ఫోటో పంపనివాడి దగ్గర కొనకూడదు. పొలంలో దొరికిందని చెప్పేదాన్ని అసలు ముట్టుకోకూడదు. అబద్ధమైతే అది నకిలీ, నిజమైతే భూమిలో దొరికింది సర్కారుది, కొనడం నేరం.

అన్నిటికన్నా పెద్ద గుర్తు భాయ్ చివర్లో చెప్పాడు. బొమ్మలు ఒకేలా ఉండవచ్చు గానీ దెబ్బలు ఒకేలా ఉండవు. ఒకే గాటు రెండు నాణేల మీద కనబడితే ఒకటి రెండోదానికి పుట్టిందని అర్థం.

తర్వాత ఏడాదిన్నర నేను మోసపోలేదు. ఒక ఉదయం టిఫిన్ చేసి ఫోన్లో నాణేలు చూస్తుంటే ఒక ముఖం దగ్గర వేలు ఆగింది. చెవి కింద మెడ మీద మూడు గీతలు. మొదటి రెండూ పక్కపక్కన, మూడోది వాటిని అడ్డంగా కోస్తూ. తల పైన తాడు దూర్చుకునే బెజ్జం. ఆ మనిషిని నేను ఎక్కడో చూశాను. అవతల ఇంకొక అమ్మకందారు పేజీలో అదే ముఖం, అవే మూడు గీతలు. సాయంత్రం లోపల ఆరు చోట్ల కనబడింది. ఒకే మనిషి ఆరు గుమ్మాల్లో నిలబడి మనల్నే చూస్తున్నట్టు ఉంది. ఆరుగురూ మెడ ఒకే పక్కకు తిప్పి ఉన్నారు.

పాత డైరీల కోసం ట్రంకుపెట్టె దించాను. మూడో డైరీలో దొరికింది. వాకాడు వైపు సముద్రం ఒడ్డు పల్లె, చేపల కాటాలు తనిఖీ చేసిన రోజు. చేపలు అమ్మే ఒక అక్క మెడలో పాత కాసు చూసి తూస్తానని అడిగాను. మెడలోంచి తీస్తాను గానీ తాడు నుంచి తియ్యనంది. తాడుతో సహా తూచి, అంతే పొడవు తాడు ముక్కను వేరుగా తూచి తీసేశాను. మూడు గ్రాముల నాలుగు వందల ఇరవై మిల్లీగ్రాములు. కింద, కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దిన బొమ్మ ఉంది. చెవి కింద మూడు గీతలు ఉన్నాయి.

ఒకటి తెప్పించాను. మూడు గ్రాముల యాభై మిల్లీగ్రాములు. నకిలీ అని పట్టుకుంటేనే తెలుస్తోంది. భాయ్ భూతద్దం కింద పెట్టి చూశాడు. బెజ్జం దగ్గర నుంచి చెవి వెనగ్గా వెంట్రుకంత పొంగు గీత దిగి ఉంది.

"అచ్చు పగిలినట్టుంది సార్, పగిలితే ఇట్నే పొంగతది. పనోడు మంచోడు కాదు."

"దీనికి అసలుది చేతిలో ఉండాలా భాయ్?"

"ఉండాల్సిందే. ఇంతమంది పిల్లలు తిరగతా ఉండారంటే తల్లి ఎవరి చేతికో చిక్కిందన్నమాట."

మరుసటి వారం పాత డైరీ సంచిలో వేసుకుని వాకాడు బస్సెక్కాను. అక్కడి నుంచి ఆటో. ఆ అక్క ఇంటి ముందు నలభై దాటిన ఆవిడ వల బాగుచేసుకుంటోంది. కూతురట. నేనెవరో చెప్పాను.

"తూకాల సారు మీరేనా? అమ్మ చెప్పేది. మా కాసుకు మెడలో తాడు బరువు గూడా తీసేసి తూచిన మనిషని. అంత సన్నంగా తూచేటోడికి పిల్లనెవరిచ్చినారో అని నవ్వేది. ఆమె పోయి నాలుగేళ్లాయె సార్."

"ఆ కాసు ఎవరి దగ్గరుందమ్మా?"

"ఆమెతోనే పంపించినాం. తియ్యొద్దని చెప్పి పోయింది. నేనే మెడలో సర్ది ముడి మీద ముడేసినా. మట్టి పోసేదాకా చూస్తానే ఉండా."

అప్పుడు నేను జేబులో చెయ్యి పెట్టకుండా ఉండాల్సింది. కానీ నమూనా దగ్గరుంటే బల్ల మీద పెట్టడం ఉద్యోగంలో అలవాటు. పొట్లం విప్పి ఆమె ముందు పెట్టాను. వల మీద చెయ్యి ఆగిపోయింది.

"ఇది నకిలీదమ్మా. అసలుది కాదు."

"గీతలు అవే గదా. పాలు తాగేటప్పుడు ఆ గీతల్ని గోటితో గీరేదాన్నంట నేను." ఆమె దాన్ని ముట్టుకోలేదు. "అసలుది చూడకుండా ఇట్ట చెయ్యగలరా ఎవరైనా?"

అబద్ధం చెప్పలేకపోయాను. చెయ్యలేరు, దాని మీద అచ్చు తీయాల్సిందే అన్నాను.

"అయితే తవ్వినారు." వల పక్కన పెట్టింది. "అమ్మతో పెట్టినట్టు తెలిసింది ఇద్దరికే సార్. నాకూ, మా తమ్ముడికీ."

ఆమె లేచి నడిచింది. నేను వెనక నడిచాను. సరుగుడు తోట దాటితే శ్మశానం. మిట్టమధ్యాహ్నం, గాలి లేదు, అయినా సరుగుళ్లు ఎవరో పళ్ల సందున ఊపిరి తీస్తున్నట్టు సన్నగా మోగుతున్నాయి. మనిషి నీడ కాళ్ల కిందే ఉంది. ఆమె తల్లి తలాపున పాతిన పడవ చెక్క ఉప్పుగాలికి బూడిదరంగుకు తిరిగింది. ఇసుక మీద ఊదాపూల తీగ అల్లుకుని ఉంది. ఒక్క కణుపు కూడా తెగలేదు. కానీ అది సాక్ష్యం కాదు. తవ్వి పూడ్చిన ఇసుక పది రోజుల్లో సర్దుకుంటుంది, తీగ రెండు నెలల్లో కమ్ముకుంటుంది. ఆ సంగతి నాకన్నా ఆమెకు బాగా తెలుసు.

ఆమె కూర్చుని అరచెయ్యి ఇసుక మీద ఆనించింది, జ్వరం చూసినట్టు.

"సార్, నిజం చెప్పు. అమ్మ దగ్గర అది ఉందా, ఎవడన్నా కదిలించినాడా? నా తమ్ముడింట్లో నేను మళ్లీ నీళ్లు తాగాలా వద్దా?"

నా అరచేతిలో నాణెం ఎండకు కాలింది. అప్పుడే ఎవరి మెడలోంచో తీసినట్టు వెచ్చగా ఉంది. దాన్ని ఆమె చేతిలో పెట్టాను. ఈసారి తీసుకుంది. కళ్లు మూసుకుని బొటనవేలితో తడిమింది. మూడు గీతలు దాటి, చెవి వెనక వేలు నిలిచిపోయింది.

"ఇదేంది?"

"అచ్చు పగులమ్మా."

"పగులు కాదు. తాడు." కళ్లు తెరవలేదు. "మూడు పోగులు. ఎడమ పేట."

"ఎడమ పేటంటే?"

"మా ఊళ్లో అందరం కుడికి పేనతాం. అమ్మది ఎడం చెయ్యి. ఆమె పేనిన తాడు ఇటు వాలతది. నీ వల్లో పడిన చేపలు వెనక్కి ఈదుకుంటా పోతాయి అని ఎగతాళి చేసేవాళ్లు. ఇది అమ్మ తాడు సార్. తాడు గూడా ఇనుమైపోయిందా?"

భూతద్దం తీశాను. పగులు వంకర్లు పోతుంది. ఇది వంకర్లు పోలేదు. మెలిక తర్వాత మెలిక, ఒకే వాలు. నాలుగేళ్లుగా మట్టిలో ఉన్న మనిషి వేళ్లు ఆ లోహంలో ఇంకా పేనుతున్నట్టు కనబడింది. ఆ వెంటనే తూకాల మనిషి బుర్ర పనిచేసింది. శవం మీద నుంచి కాసు దొంగిలించేవాడు తాడు తెంపి పారేస్తాడు. తాడుతో సహా అచ్చు తీసే దొంగ ఉండడు. తాడు తీయనివ్వని మనిషి బతికి ఉండగా, ఆమె ఎదుట తీసిన అచ్చు ఇది.

సంచిలోంచి డైరీ తీశాను. ఇంట్లో పెన్సిలు బొమ్మ ఉన్న పేజీ చూసి ఆగిపోయాను. ఇప్పుడు పేజీ తిప్పాను. నా రాతే, నేనే మరిచిపోయింది.

'నిన్నటి కాసుకు లక్కతో రెండు వైపులా ముద్రలు తీసి ఉంచాను. బొమ్మ వైపు తాడు అడ్డం పడింది. నాణేలు సేకరించే మద్రాసు పెద్దమనిషికి ఈ రోజు పోస్టు చేశాను.'

పట్టుకున్న తూకపు రాళ్ల సంచులకు సీలు వేయడానికి మా దగ్గర ఎప్పుడూ లక్క ఉండేది. ఆ పెద్దమనిషి పోయి చాలా కాలమైంది. ఆయన పెట్టెలు ఎవరి చేతుల్లోకి వెళ్లాయో తెలియదు. ఇంతకాలం ఆ లక్క బిళ్లలు ఎక్కడో చీకట్లో ఆమె తాడును అలాగే పట్టుకుని ఉన్నాయి.

ఆ మూడు వాక్యాలూ ఆమెకు పైకి చదివి వినిపించాను.

"ఎవరూ కదిలించలేదమ్మా. మీ తమ్ముడికి ఏ సంబంధమూ లేదు. ఇది నా వల్ల జరిగింది."

ఆమె తీగను పక్కకు తొలగించి, జానెడు లోతు గుంట తీసి, నాణేన్ని అందులోకి నొక్కింది.

"ఇట్టాంటివి ఇంకా ఉండాయా?"

"ఆరు చూశాను. ఎన్ని చేశారో తెలియదు."

"అమ్మ తాడు ముక్కూ మొహం తెలియనోళ్ల చేతుల్లో తిరగతా ఉంటే ఆమెకు నిద్రెట్ట పడతది సార్? నువ్వే గదా పంపించింది. నువ్వే తెచ్చియ్యి."

అప్పటి నుంచి నేను నకిలీ నాణేలే కొంటున్నాను. భాయ్ నేర్పిన గుర్తులన్నీ ఇప్పుడు తిరగేసి వాడుతున్నాను. అంచున అతుకు గీత ఉందా, బెజ్జాలున్నాయా, తూకం తక్కువా, మెడ మీద మూడు గీతలున్నాయా. ఉంటే కొంటాను. ఇంతవరకు తొమ్మిది. ప్రతిదాన్నీ తూచి, డైరీలో రాసి, వాకాడు బస్సెక్కుతాను. ఆమె గుంట తీస్తుంది, నేను నొక్కుతాను. రెండో నాణెంతో వెళ్లినప్పుడు ఆమె తమ్ముడు కూడా వచ్చి కొంచెం దూరంగా నిలబడ్డాడు. అక్క వాడికి ఏం చెప్పిందో నేను అడగలేదు.

ఒక్క సంగతి మాత్రం ఆమెకు చెప్పలేదు. నకిలీకి నకిలీలు తీస్తున్నారు. తీసిన ప్రతిసారీ ముఖం కొంచెం చిన్నదవుతోంది, తూకం తగ్గుతోంది, తాడు మెత్తబడుతోంది. ఆరోదాని మీద తాడును భూతద్దంతో వెతకాల్సి వచ్చింది. ఎనిమిదోదాని మీద భూతద్దానికీ ఆనలేదు, గోటికి మాత్రమే తెలిసింది. తొమ్మిదోదాని మీద తాడు లేదు.

ఆ కవరు వచ్చిన రోజు నేను త్రాసు ముందు చాలాసేపు కూర్చున్నాను. తాడు ఒక్కటే నాకున్న సాక్ష్యం. అది చెరిగిపోతే, మూడు గీతలతో బెజ్జంతో వచ్చేది లక్కలోంచి పుట్టిన నకిలీయో, ఇసుకలోంచి తవ్విన అసలుదో చెప్పగలిగేది తూకం ఒక్కటే. ముల్లు నిలిచింది. రెండు గ్రాముల ఏడు వందల పది. రాసుకుని, వెళ్లి మొహం కడుక్కున్నాను.

పదోది బుధవారం చేరుతుందని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఫోటోలో తాడు కనబడలేదు. అమ్మేవాడు తూకం రాయలేదు, అడిగినా చెప్పలేదు. మూడో డైరీ తీసి, అసలు కాసు తూకం మూడు గ్రాముల నాలుగు వందల ఇరవై అని రాసిన పేజీ దగ్గర తెరిచి పెట్టాను. త్రాసు తుడిచి ఉంచాను.