మెట్లెక్కినందుకు బహుమతి

మా ఆఫీసులో ఏడాదికోసారి ఆరోగ్య వారోత్సవాలని ఒక తంతు జరుగుతుంది. ఆ ఏడు మెట్ల పోటీ పెట్టారు. లిఫ్టు మానేసి ఎవరు ఎక్కువ మెట్లెక్కితే వాళ్ళు గెలిచినట్టు. మొదటి బహుమతి నాకే వచ్చింది. స్టీలు నీళ్ళ సీసా ఒకటి చేతిలో పెట్టి, ఫొటో తీసి, పదకొండో అంతస్తులో కాఫీ మెషిన్ పక్కన అంటించారు. ఆ ఫొటోలో నేను నవ్వుతూనే ఉన్నాను. అదంతా వట్టి మేకపోతు గాంభీర్యం. నేను మెట్లెక్కేది ఆరోగ్యం కోసం కాదు, లిఫ్టంటే భయంతో.

కారణం చెబితే నవ్వుతారు. అంతకు కొన్ని నెలల ముందు, రాయదుర్గంలోని ఆ భవనంలోనే లిఫ్టు మధ్యలో ఆగిపోయింది. లోపల నేనొక్కణ్ణే. లైటు ఆరిపోయింది, ఫోనుకి సిగ్నల్ లేదు. పై నుంచి సెక్యూరిటీ అతని గొంతు వినిపించింది. "ఫికర్ చేయకుండ్రి సార్, జర ఆగుండ్రి, ఇప్పుడే వస్తది." అతను అన్నట్టే కాసేపటికి లిఫ్టు కదిలింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ కాసేపట్లో నాకు ఊపిరి అందలేదు, ముచ్చెమటలు పోశాయి, ఇక ఇక్కడే పోతానని గట్టిగా నమ్మాను.

మర్నాడు మళ్ళీ అదే లిఫ్టు ముందు నిలబడ్డాను. తలుపు తెరుచుకోగానే గుండె దడదడలాడింది. ఫోనేదో వచ్చినట్టు నటించి, వెనక్కి తిరిగి మెట్ల వైపు నడిచాను. తొలి మెట్టు మీద కాలు పెట్టానో లేదో ఒళ్ళంతా తేలికైపోయింది. బతుకు జీవుడా అనుకున్నాను. నన్ను పాడుచేసింది లిఫ్టు కాదు, ఆ తేలికే.

దీని గురించి తరవాత చదివాను. బహుమానమంటే ఎవరో చేతికి ఇచ్చేదే అనుకుంటాం మనం. బాధపెట్టేదేదో తొలగిపోవడం కూడా బహుమానమేనట. ఏ పని చేస్తే గుండె దడ తగ్గిందో ఆ పనే మళ్ళీ చేయమంటుంది మనసు. తప్పించుకున్న ప్రతిసారీ తప్పించుకోవడంలోనే ఆరితేరతాం. లిఫ్టులో ఏమీ జరగదని తెలుసుకునే అవకాశమే రాదు. ఎక్కితే కదా తెలిసేది!

నాకు ఆ తేలికకి తోడు చప్పట్లు కూడా దొరికాయి. ఎవరైనా క్లయింట్లు వస్తే మా టీమ్ లీడ్ నన్ను చూపించి, ఈయన లిఫ్టు ముఖం చూడడండీ అని గొప్పగా చెప్పేవాడు. మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి. గోరుచుట్టు మీద రోకటిపోటులా మెట్ల బృందానికి నన్నే నాయకుణ్ణి చేశారు. పై అంతస్తులో మీటింగ్ అంటే నాకు ముందు రోజు నుంచే అన్నం సయించేది కాదు. ఆ మీటింగుకి అందరితో కలిసి లిఫ్టులో వెళ్ళాల్సి వస్తుందేమో, ఏం సాకు చెప్పాలో అని అదే ఆలోచన.

కొండాపూర్లో మేముండేది ఐదో అంతస్తు. పొద్దున్నే మా అమ్మాయిని స్కూలు బస్సు ఎక్కించేది నేనే. రెండో తరగతి చదువుతోంది. నేను మెట్లు దిగి, పిల్లని లిఫ్టులో పంపలేను కదా, దాన్ని కూడా మెట్లకే అలవాటు చేశాను. కిందకి చేరగానే శభాష్ అనేవాణ్ణి, అప్పుడప్పుడూ ఒక చాక్లెట్ ఇచ్చేవాణ్ణి. పాప మస్తు హుషారున్నదని వాచ్‌మన్ కూడా మెచ్చుకునేవాడు. అది పొంగిపోయేది. మా ఆవిడ సంతోషించేది. నా గుట్టు రట్టు కానందుకు నేను ఇంకా సంతోషించేవాణ్ణి.

ఒక ఆదివారం పక్క బ్లాకులో దాని స్నేహితురాలి పుట్టినరోజు. ఇల్లు ఎనిమిదో అంతస్తు. మా ఆవిడ తీసుకువెళ్ళింది. వెళ్ళినంత సేపు పట్టలేదు, తిరిగొచ్చేశారు. ఇవ్వాల్సిన బొమ్మ ఇంకా పిల్ల చేతిలోనే ఉంది. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. లిఫ్టు ఎక్కనని గోడకి అతుక్కుపోయి ఏడ్చిందట. మిగతా పిల్లలు లిఫ్టులోకి వెళుతుంటే, వెళ్ళకండే వెళ్ళకండే అని వాళ్ళని కూడా లాగిందట. అప్పటికే బాగా బెదిరిపోయి, సరే మెట్లెక్కుదాం అన్నా వినలేదట.

మా ఆవిడ దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఎందుకురా అని నా ఎదుటే అడిగింది.

"లిఫ్టు దగ్గరికి రాగానే నాన్న చెయ్యి చల్లగా అయిపోతుంది. నన్ను గట్టిగా పట్టుకుంటారు. అందులో ఏదో ఉంది."

శభాష్‌లు, చాక్లెట్లు ఇచ్చి నేనేదో నేర్పుతున్నాననుకున్నాను. పిల్ల మాత్రం నా అరచేతిలోంచి ఇంకో పాఠం నేర్చుకుంది. పిల్ల నిద్రపోయాక మా ఆవిడకి అంతా చెప్పేశాను. ఆవిడది కడప వైపు. కోపం ఎక్కువైతే గొంతు తగ్గుతుంది. ఆ వేళ బాగా తగ్గింది.

"పిల్లకి మెట్లు నేర్పలేదు నువ్వు. భయం నేర్పినావు."

తెల్లాపూర్లో మేము కొనుక్కున్న ఫ్లాటు రెండు నెలల్లో చేతికి రాబోతోంది. పద్దెనిమిదో అంతస్తు. అక్కడ ఈ పిల్ల గతేమిటి? బడికెలా వెళుతుంది, ఎవరితో ఆడుకుంటుంది? నా మోకాళ్ళు ఏమైనా ఫర్వాలేదు, దాని ముందు బతుకంతా ఉంది. ఆ రాత్రి నాకు కంటి మీద కునుకు లేదు.

మర్నాడు సాయంత్రం దాన్ని మా లిఫ్టు ముందుకి తీసుకువెళ్ళాను. అందులో ఏమీ లేదమ్మా, ఉన్నదల్లా నాన్న భయమే అని చెప్పాను. నేనొక్కణ్ణే ఎక్కి కిందదాకా వెళ్ళొస్తాను, నువ్వు అమ్మతో ఇక్కడే ఉండి చూడు అన్నాను. లోపలికి అడుగు పెట్టగానే నా కాళ్ళు వణికాయి. అది చూసింది. వాళ్ళమ్మ చెయ్యి వదిలించుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని నా పక్కకి వచ్చేసింది. నన్నొక్కణ్ణీ పంపడం ఇష్టం లేకపోయింది దానికి. మేం ఏమనేలోపే తలుపు మూసుకుంది.

నేను చదివినదాని ప్రకారం, భయం దానంతటది తగ్గేదాకా లోపలే ఉండాలి. మధ్యలో దిగితే మళ్ళీ ఆ తేలిక వస్తుంది, మళ్ళీ భయమే గెలుస్తుంది. ఇది నాకు బాగా తెలుసు. తెలిసి ఏం లాభం? రెండో అంతస్తులో ఎవరో బటన్ నొక్కి వెళ్ళిపోయినట్టున్నారు, లిఫ్టు ఆగి తలుపు తెరుచుకుంది. ఎదురుగా మెట్లు. నా కాలు దానంతటదే ముందుకి కదిలింది.

పిల్ల కళ్ళు తెరిచి నా ముఖంలోకి చూసింది. నా చొక్కా పట్టుకుని కిందకి లాగి, చెవిలో చెప్పింది.

"దిగిపోదాం నాన్నా. అమ్మకి చెప్పనులే."

భయపడటమే కాదు, భయాన్ని దాచిపెట్టడం కూడా నేర్చేసుకుంది ఏడేళ్ళకే. పైగా అది నా మీద ప్రేమతో అంటోంది. నాకు ఏడుపొచ్చింది. దాని ఎదురుగానే ఏడ్చాను.

"వద్దమ్మా. నాకు చాలా భయంగా ఉంది. అమ్మకి కూడా చెబుదాం. కానీ దిగొద్దు."

కాలు వెనక్కి తీసుకున్నాను. తలుపు మూసుకునేదాకా ఇద్దరం అలాగే నిలబడ్డాం.