మొగని పేరు

శాలిబండలో మేస్త్రిపని చేసే మైసయ్య నడీడులో చర్చిలో కలిసి సీమోను అయిండు. భార్య కొమురమ్మ కలవలేదు. "నీ దేవుడు నీకు, నా పోచమ్మ నాకు" అన్నది. పిల్లలు లేరు. ఒక్క పొయ్యి మీదనే వండుకొని తిన్నరు, ఆ ఇంట్లో లొల్లి ఎన్నడూ ఇనపడలేదు.

పందొమ్మిది వందల ముప్పై ఎనిమిదిలో, వానకాలం, అతను జ్వరంతో పోయిండు. మరిది ఆగయ్య వాకిట్లోనే నిలబడ్డడు.

"వదినా, అన్న అప్పుడే మాకు గాకుండ పోయిండు. పాడె మేం మొయ్యం."

మట్టిలో పెట్టుడు కులపోళ్లకూ చర్చివాళ్లకూ ఒకటే. కాని డప్పు కొట్టకుండ, కుండ పగలగొట్టకుండ పోయే శవం వెంట కులపోళ్లు ఒక్కరూ రాలేదు. చర్చివాళ్లు చెక్కపెట్టెలో పెట్టి, పాటలు పాడుకుంట తీసుకపోయిన్రు. వాళ్ల ఆడోళ్లు సుత వెంట నడిచిన్రు. "నువ్వూ రా అమ్మా" అని పిలిచిన్రు. ఆడది బొందలగడ్డకు పోవద్దని చిన్నప్పటి నుంచి విన్న కొమురమ్మ గడప దాటలేదు.

మూడోనాడు పోయినోళ్ల పేర పిట్టకు బువ్వ పెట్టాలె. పెట్ట కొడుకు లేడు, మరిది రాడు. ఆయనకు ఇష్టమని కోడికూర వండి, గిన్నెకు బట్టకట్టి, ఒక్కతే నయాపూల్ మీంచి మూసీ దాటి చర్చివాళ్ల బొందలగడ్డకు పోయింది. గోడ లోపల తడిమట్టి దిబ్బలు నాలుగైదున్నయి. ఏది తన మనిషిదో తెల్వలేదు.

"ఎవరి కోసమమ్మా?" కాపలా ముసలాయన అడిగిండు.

"మా ఇంటాయన."

"పేరు?"

ఇన్నేండ్ల కాపురంలో ఆమె మొగని పేరు నోట అనలేదు. "మేస్త్రి... శాలిబండ మేస్త్రి" అన్నది. ముసలాయన తల అడ్డంగ ఊపిండు. కొమురమ్మ కండ్లు మూసుకొని "మైసయ్య" అన్నది.

"ఆ పేరుతోని ఇక్కడెవరు లేరమ్మా."

ఆఖరికి "సీమోను" అన్నది. పరాయి మొగోణ్ని పిలిచినట్టయి ఏడ్చింది.

ముసలాయన ఓ దిబ్బ చూపించిండు. "పాదిరి అయ్య చూస్తే ఊకోడు. బువ్వ గోడ అవతల పెట్టుకో తల్లీ."

అవతలనే పెట్టింది. కాకి ముట్టేదాక కూసున్నది. ఆ తర్వాత ఏటా, పెద్దలకు పెట్టే పెత్రామాసకు పోయింది, ఒక్కతే.

నలభై ఆరులో కొమురమ్మ పోయింది. ఆగయ్యే డప్పులు పెట్టించిండు, కులపోళ్లంత కదిలిన్రు. మొగని పక్కన పెట్టుమని ఆమె అడిగిందని పక్కింటి పుష్పమ్మ చెప్పింది.

"గక్కడ మనోళ్లెవరున్నరు?" అన్నడు ఆగయ్య.

మూసీకి ఇవతలి ఒడ్డునే, కులపోళ్ల గడ్డలో పెట్టిన్రు.