ఒకటి కన్నా పది గొప్ప

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, నా డైరీకి కూడా. ఆ రోజు పేజీలో "వాన పడింది. బస్సు ఆలస్యం" అని మాత్రమే ఉంటుంది. (రెండూ నిజమే.)

ఆ రోజుల్లో మా ఇళ్లలో పిల్లల్ని పేరుకన్నా ముందు ర్యాంకుతో పరిచయం చేసేవారు. తొంభైల చివర, హైటెక్ సిటీలో అద్దాల భవనం కొత్తగా లేచి, చుట్టూ ఇంకా బండరాళ్లే ఉన్న కాలం. కూకట్‌పల్లి నుంచి బస్సులో వెళ్లి అక్కడొక చిన్న కంపెనీలో పనిచేసేదాన్ని. విదేశంలోని ఒక పుస్తకాల దుకాణం వెబ్‌సైట్ మా పని. ఎవరైనా వెతికితే ఏ పుస్తకాలు పైన రావాలో, ఏవి కింద రావాలో మా దగ్గరి పేజీలో అంకెలు వేసి బటన్ నొక్కితే, మోడెం కూతలు పెడుతూ వాటిని అక్కడి సర్వర్‌కు చేరవేసేది. పుస్తకాల పిచ్చిదాన్ని కనుక ఆ పని నాకే రావాలని కోరుకున్నాను (పైకి అడగలేదు, అడిగే అలవాటు లేదు). ఇంకో వారంలో నన్ను ఉంచుతారో పంపేస్తారో తేలుతుంది. నాన్న మాత్రం ఉద్యోగం ఖాయమైందని అప్పటికే కాలనీ అంతా చెప్పేశారు.

ఆ రోజు మా ప్రాజెక్టు సార్ నాకొక చీటీ ఇచ్చారు. కొత్త పుస్తకాలు అన్నిటికన్నా పైన, చిరిగిన పాతవి అన్నిటికన్నా అడుగున రావాలి. కొత్తవాటికి ఒకటి, చిరిగినవాటికి పది వేసి పంపాను. కాసేపాగి వంటల పుస్తకాలు వెతికి చూశాను. మొట్టమొదట వచ్చిన దాని వివరం: "అట్ట లేదు, నలభై పేజీలు లేవు, చెదలు." దాని కింద ఇంకో చెదల పుస్తకం. అప్పుడు వెలిగింది. ఆ యంత్రానికి అవి ర్యాంకులు కావు, మార్కులు. ఎక్కువ వచ్చినవాళ్లే ముందు!

అప్పటికి సాయంత్రం అయిదు. మన ఏడింటికి అక్కడ తెల్లారి దుకాణం తెరుస్తారు, చూస్తారు. అంకెలు తిరగేసి బటన్ నొక్కాను. పోలేదు. మోడెంకీ, సార్ టేబుల్ మీది ఫోనుకీ ఒకటే లైను. అందులో సార్ కోకాపేటలో కొనబోయే స్థలం గురించి మాట్లాడుతున్నారు. "రాళ్లు తప్ప అక్కడ ఏముంది బావగారూ?" ఫోను పెట్టేయమని ఆయనతో ఎలా అనడం? డైరీ తీసి చివరి ఖాళీ పేజీలో వాక్యం రాసుకున్నాను. "సార్, మీకు అభ్యంతరం లేకపోతే..." కొట్టేశాను. "సార్, క్షమించాలి..." అదీ కొట్టేశాను. ఆరు దాటింది. బేరం ఇంకా రాళ్ల దగ్గరే ఉంది.

అప్పుడొచ్చింది సర్వరక్క (అందరం అలాగే పిలిచేవాళ్లం). మదీనాగూడ మనిషి, మా కంప్యూటర్లన్నీ చూసుకునేది.

"ఏంది పిల్లా, గిట్ల వణుకుతున్నవ్? జరమొచ్చిందా?"

స్క్రీన్ చూపించాను. చదివి పకపకా నవ్వింది. "చెదలకు ఫస్ట్ ర్యాంకిచ్చినవా!"

"సార్‌కి నువ్వు చెప్పక్కా, ఫోను పెట్టేయమని."

"నేనెందుకు జెప్త? నీకు నోరు లేదా?"

లేచాను. రాసుకున్నదంతా మర్చిపోయి, "సార్, ఫోన్ పెట్టేయండి!" అని అరిచాను. సార్ బిత్తరపోయి పెట్టేశారు. మోడెం కూత పెట్టింది. ఏడుకు పది నిమిషాల ముందు కొత్త పుస్తకాలు పైకొచ్చాయి. "లైన్ జర ఖరాబుండె సార్, ఇగ ఫికర్ లేదు" అని అక్క సర్దిచెప్పింది. సార్ నమ్మారు.

ఉద్యోగం ఖాయమైంది. స్థలం మాత్రం ఆ సాయంత్రమే ఇంకెవరికో పోయిందట. "ఆ లైను పాడవకపోతేనా..." అని సార్ కలిసినప్పుడల్లా నిట్టూర్చేవారు, నేను తలొంచుకునేదాన్ని. ఇప్పుడు కోకాపేటలో ఆ ఆకాశమంత భవనాలు చూస్తే, డైరీలో వాక్యాలు కొట్టేసుకుంటున్న పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా. (ఇప్పటికీ ఎవరికైనా ఫోన్ చేసే ముందు కాగితం మీద రాసుకుంటాను.) ఆ కంపెనీ వదిలిన రోజు అక్క బస్‌స్టాప్ దాకా వచ్చింది. బస్సు కదిలాక వెనక నుంచి అరిచింది:

"పోయిన కాడ గూడ గట్లనే మొత్తుకో పిల్లా! నీ ర్యాంకు ఎవ్వలడుగరు!"