అమ్మ చేతి ముక్కకు దిగివచ్చిన డేగ

మా చిన్నప్పుడు... అరబ్బు దేశంలోని బురైదాలో పొద్దున లేవగానే నేను మొదట చూసే ముఖం అమ్మది కాదు, నాయనది కాదు... డేగది.

మా గది తలుపు తీస్తే కఫీల్ ఇంటి వాకిలి. అక్కడ నేలలో పాతిన చెక్క దిమ్మె మీద, కాళ్ళకు తోలు తాళ్ళతో, ఎండ కాచుకుంటూ కూర్చునేది షమ్మా. నేను పళ్ళు తోముకుంటుంటే తల పక్కకు వంచి అదేపనిగా చూసేది. ఆ ఇంట్లో నాకంటే దానికే మర్యాద ఎక్కువని నాకు కొంచెం కుళ్ళు కూడా.

మాది రాయచోటి దగ్గర పల్లె. ఇంట్లో తెలుగే మాట్లాడే సాయిబులం. నాయన అబూ సాలెహ్ దగ్గర డ్రైవరు. ఆయనే మా కఫీల్... మా వీసా, అక్కడ ఉండనిచ్చే ఇకామా, చివరికి ఇంటికి తిరిగెళ్ళే కాగితం కూడా ఆయన చేతిలోనే. వాళ్ళమ్మకు చూపు తగ్గిందని తోడుగా అమ్మను రప్పించారు. బిడ్డను వదిలి ఏ తల్లి వస్తుందని ఆ పెద్దామే నన్నూ పిలిపించింది. గల్ఫ్ యుద్ధం వచ్చిన చలికాలం, విషవాయువు వస్తుందని అందరూ భయపడుతుంటే, మా గది కిటికీ సందులకు టేపు అంటించింది కూడా అబూ సాలెహే... తన ఇంటికంటే ముందు.

ఆ చలికాలం వేట లేదు. అందుకే మరుసటి ఏడు షమ్మాను కొన్నప్పుడు ఆయన సంబరం చూడాలి... మనుషులకు అలవాటు పడాలని, మగవాళ్ళు చేరి కూర్చునే మజ్లిస్‌లో అందరి మధ్య చేతి మీద కూర్చోబెట్టుకునేవాడు. పేరు పెట్టి పిలిచి తనే తినిపించేవాడు. వేట దగ్గరపడేకొద్దీ మేత తగ్గించేవాడు. కడుపు నిండిన డేగ వేటాడదు, పిలిస్తే తిరిగి రాదు. ఆకలి ఉంటేనే మనిషి చేతికి దిగుతుంది.

ఈ సంగతి అమ్మకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినే రకం కాదు. వంటింట్లోకి వస్తూ పోతూ దాన్ని చూసి, "పస్తు పెట్టి పనికి తోలేదేంది... నోరులేని జీవిని" అని గొణుక్కునేది. కోడిని కోసినప్పుడల్లా కందనకాయ, కార్జం కొంగు చాటున తెచ్చి, "దా తల్లీ, దా దా దా" అని, ఊళ్ళో కోళ్ళను పిలిచినట్టే పిలిచి పెట్టేది. షమ్మా గుటుక్కున మింగేది.

వేట రోజు రానే వచ్చింది. ఎడారిలో గుడారాలు వేశారు. యుద్ధమప్పుడు తలో దిక్కూ పోయిన అన్నదమ్ములు, రియాద్ చుట్టాలు అందరూ చేరారు. పెద్దామెకు తోడుగా అమ్మ, అమ్మ వెంట నేను... ఆడవాళ్ళ గుడారం తెర సందులోంచి చూస్తున్నాను.

కుందేలు లేచింది. అబూ సాలెహ్ షమ్మా కళ్ళకున్న తోలు టోపీ తీసి చెయ్యెత్తాడు. ఎగిరింది... కుందేలును చూసింది... చూసి, నాకెందుకులే అన్నట్టు పోయి దూరంగా తుమ్మచెట్టు మీద కూర్చుంది.

ఎరగా కట్టిన ఈకల గుత్తి గిరగిరా తిప్పుతూ ఆయన పిలిచాడు... బతిమాలాడు. అది ఈకలు దువ్వుకుంటూ కూర్చుందే తప్ప కదల్లేదు. పొద్దు వాలుతోంది. చీకటి పడితే ఇక అది చేతికి దక్కదు.

"దీనికెవరో తిండి పెట్టారు" అన్నారెవరో. అందరూ నాయన వైపు తిరిగారు. పక్షిని బండిలో తెచ్చింది ఆయనే కదా. "వీణ్ణి ఊరికి పంపించెయ్" అన్నాడొక చుట్టం. ఆ కొలువు పోతే మా ముగ్గురికీ ఆ దేశంలో నిలవనీడ ఉండదు. నాకు ఏడుపొచ్చేసింది.

అమ్మ తెర తీసుకుని బయటికి నడిచింది. ఆమె అలా మగవాళ్ళ మధ్యకు వెళ్ళడం నేనెన్నడూ చూడలేదు. నేనే పెట్టాను, ఈయనకు తెలీదు అని, వచ్చీరాని అరబీలో చెప్పింది. అంతటితో అరబీ అయిపోయింది. నాయన వైపు తిరిగి తెలుగులో అంది... "అది ఆకలితో నా మొగం చూస్తాంటే నాకు ముద్ద ఎట్ల దిగుతాదో, ఆయన్నే అడుగు."

నాయన భయపడుతూనే ఆ మాట అరబీలో చెప్పాడు. అబూ సాలెహ్ చెట్టు వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు. పరాయి ఆడమనిషి చెయ్యి తాను తాకకూడదు... అందుకని తన చేతి తొడుగు తీసి నాయనకిచ్చాడు. "దీన్ని నీ భార్య చేతికి తొడుగు. పెట్టిన మనిషే పిలవాలి" అన్నాడు.

నాయన అమ్మ చెయ్యి పట్టుకుని ఆ తోలు తొడుగు తొడిగాడు. అందరి ఎదుట ఆయన అలా చెయ్యి పట్టుకోవడం నాకు తెలిసి అదే మొదలు. కూరకు తెచ్చిన కోడిలోంచి ఒక కందనకాయ తీసుకుని, అమ్మ చెట్టు వైపు నడిచి గొంతెత్తింది... "దా తల్లీ... దా దా దా..."

షమ్మా తల తిప్పింది. మళ్ళీ ఈకల్లో ముక్కు పెట్టుకుంది. అమ్మ పిలుస్తూనే ఉంది... గొంతు బొంగురుపోయింది. ఇసుక మీద నీడలు సాగాక, అది ఒక్కసారి రెక్కలు విప్పి వచ్చి అమ్మ చేతి మీద వాలింది.

మొదట నవ్వింది పెద్దామె. "ఈమె నాకూ ఇట్లాగే చాటుగా పెడుతుంది. అందుకే ఇంకా బతికున్నాను" అంది. అబూ సాలెహ్ కూడా నవ్వేశాడు. నాయన కొలువు నిలిచింది.

ఆ తర్వాత ప్రతి వేటకూ ముందు అబూ సాలెహ్ వంటింటి వైపు కేకేసేవాడు... "ఉమ్ ముంతాజ్, ఇక నువ్వు కళ్ళు మూసుకో" అని. ఉమ్ అంటే అమ్మ... నా పేరుతోనే ఆమెను పిలిచేవారు అక్కడ. అమ్మ మూతి ముడుచుకుని, ఆ పక్షి కంట పడకుండా పెరటి దారిన తిరిగేది.

చలికాలం దాటాక డేగను వదిలేయడం ఆయనకు ఆనవాయితీ. తాళ్ళు విప్పే ముందు అమ్మను పిలిచి, "ఇక పస్తు లేదు, కడుపు నిండా పెట్టి పంపు" అన్నాడు. అమ్మ ఒక్కో ముక్కా పెడుతూ కళ్ళు తుడుచుకుంది. షమ్మా వెనక్కి చూడకుండా ఎగిరిపోయింది.

కొన్నేళ్ళకు మేమూ కొలువు మానుకుని వచ్చేశాం. ఎగ్జిట్ కొట్టించిన పాస్‌పోర్టులు నాయన చేతిలో పెట్టి కూడా అబూ సాలెహ్ మమ్మల్ని బండి ఎక్కనివ్వలేదు. పెద్ద పళ్ళెం నిండా మాంసం, అన్నం తెప్పించాడు. విమానానికి వేళవుతోందని నాయన కంగారు పడుతుంటే, "కడుపు నిండా తిని పోండి" అన్నాడు... అమ్మ అప్పుడు ఏడ్చిన ఏడుపు నాకింకా గుర్తే. ఆ ఇంటి అన్నం తిని పెరిగాను. ఆ రుణం తీరేది కాదు, తీరకపోతేనే బాగుంటుంది.

ఇప్పుడు అన్నం సంచిలో, బండి మీద ఇంటికొస్తోంది... తెచ్చిన అబ్బాయి తిన్నాడో లేదో అడిగే తీరిక ఎవరికీ లేదు. నేను అడుగుతాను. ఆ పిల్లలు నన్ను వింతగా చూస్తారు. అడిగేటప్పుడు నా నోట అమ్మ గొంతే వస్తుంది... "దా నాయనా, ఇంత తిని పో... దా..."

మిమ్మల్ని అలా కడుపు నింపి సాగనంపిన వాళ్ళు ఎవరు? వాళ్ళ గురించి కింద రాయండి... కూర్చుని చదువుతాను.